గాం మల్లుదొర: అండమాన్ జైలు నుంచి మొదటి లోక్‌సభ దాకా

1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యారు. ఇద్దరూ ఇండిపెండెంట్లే. ఒకరు డాక్టర్ లంకా సుందరం. ఆర్థికశాస్త్రం చదివినవారు, పత్రికలకు రాసినవారు, ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడగలవారు. రెండోవారు గాం మల్లుదొర. ఈయన మన మన్యం మనిషి. ఒకప్పుడు తెల్ల ప్రభుత్వం ఉరిశిక్ష వేసిన మనిషి. ఆ శిక్షను ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్ పంపితే, అక్కడి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి.

యువతీ యువకులారా, ఈ రెండో పేరు మీలో ఎంతమందికి తెలుసు? అల్లూరి సీతారామరాజు గారి పేరు చెప్పమంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు. గంటందొర, మల్లుదొర అనే జంట పేర్లను 1974లో కృష్ణ గారు తీసిన సినిమా పుణ్యమా అని పెద్దవాళ్ళు గుర్తు పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన సినిమాలకు ఆ జంట పేర్లతో కూడా పని లేకపోయింది. సినిమా సినిమాయే, దాని మీద మాకు తగాదా ఏమీ లేదు. కానీ మల్లుదొర గారి కథ సినిమా అయిపోయిన చోట అయిపోలేదు. అసలు సగం అక్కడే మొదలైంది. ఆ సగాన్ని కూడా మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

ముందుగా ఆ రోజుల మన్యం ఎలా ఉండేదో కొంచెం తెలుసుకోవాలి. గూడెం, రంప కొండల్లో పల్లెలన్నీ ముఠాల కింద ఉండేవి. ముఠాకు ఒక ముఠాదారు. ఆయన కొంత కట్టుబడి సర్కారుకు చెల్లించి, తన ముఠాను తాను చూసుకునేవాడు. 1839 చట్టంతో ఈ కొండ ప్రాంతాన్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టి ఆయన చేతికి అప్పగించారు. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అనే మాట వాడుతున్నామే, అది అక్కడ పుట్టిందే. ఆ తర్వాత 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అంతకుముందు అడవి మనది అని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, రాసుకోవలసిన అవసరమూ లేకపోయింది. చట్టం వచ్చాక రిజర్వు అడవి అని గీత గీశారు. గీత లోపల పోడు కొడితే నేరం, కట్టె కొడితే నేరం, పశువును తోలితే నేరం. తాతలు కొట్టిన పోడులోనే మనవడు దొంగ అయ్యాడు.

మన్యం ఊరుకోలేదు. సీతారామరాజు గారికి నలభై ఏళ్ళకు ముందే, 1879లో, రంపలో పెద్ద ఫితూరీ జరిగింది. చెట్టు కల్లు మీద చిగురుపన్ను వేయడం, పోలీసుల ఆగడాలు, కింది నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టు కాగితాలతో పొలాలు, పశువులు పట్టుకుపోవడం దానికి కారణాలు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు ముందు నడిచారు. ఆ మంట గూడెం కొండల దాకా పాకింది. మల్లుదొర తరం పుట్టేనాటికి ఆ కథలు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇది ఎందుకు చెబుతున్నామంటే, 1922 పోరాటం ఎవరో బయటి నుంచి వచ్చి మన్యానికి నేర్పిన పోరాటం అన్నట్టు కొందరు రాస్తుంటారు. సీతారామరాజు గారి నాయకత్వం లేకపోతే అది అంత పెద్దది అయ్యేది కాదు, నిజమే. అయితే ఆయన వచ్చేసరికి ఇక్కడ నిప్పు ఉంది.

గాం సోదరులది బట్టిపనుకుల. అన్న గంటందొర ఆ ఊరి మునసబు. ఆ రోజుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటు మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించడం అతని పని. ఆ రోడ్డుకు రాళ్ళు కొట్టింది, మట్టి మోసింది మనవాళ్ళే. బలవంతంగా పనికి తోలడం, ఇవ్వవలసిన కూలి ఇవ్వకపోవడం, ఎదురు మాట్లాడితే కొట్టడం అతని పద్ధతి. గాం సోదరులతో అతనికి తగవు వచ్చింది. గంటందొర మునసబు పని పోయింది, భూమి విషయంలోనూ దెబ్బ తగిలింది. బాస్టియన్ మీద పై అధికారులకు ఫిర్యాదులు వెళ్ళినా ఫలితం లేదు. ఇవాళ మీరు లంబసింగికి చలి చూడటానికి వచ్చే కార్ల వరస చూస్తుంటారు కదా. ఆ ఘాటు ఎక్కేటప్పుడు ఒకసారి ఈ సంగతి తలుచుకోండి.

సీతారామరాజు గారు కృష్ణదేవిపేటకు వచ్చింది 1917లో. మందులిస్తూ, తగవులు తీరుస్తూ, కల్లు సారా మానమని చెబుతూ, కోర్టులకు పోవద్దు పంచాయతీల్లో తేల్చుకోండి అంటూ మన్యం ప్రజలకు దగ్గరయ్యారు. గాం సోదరులు, మొట్టడం వీరయ్యదొర, గోకిరి ఎర్రేసు వంటివారు ఆయన వెంట నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తుపాకులు, వాటితోపాటు రెండు వేలకు పైగా తూటాలు చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. తీసుకున్న ఆయుధాలకు లెక్క రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళారు. దొంగతనం కాదు ఇది, యుద్ధం అని చెప్పడానికే అలా చేశారని మేము అనుకుంటాం.

దానికి సర్కారు కూడా యుద్ధంగానే జవాబిచ్చింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు మనవాళ్ళ కాల్పుల్లో చనిపోయారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న తెల్లవారినే ఎంచి కొట్టారు. ఇరుకు ఘాటులో, గుబురు చాటు నుంచి, ఎవరిని కొట్టాలో ఎవరిని వదలాలో చూసి కొట్టడం అంటే ఎంత నిబ్బరం కావాలి! దాని తర్వాత మలబార్ స్పెషల్ పోలీసు దిగింది. ఆపైన అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. విల్లంబులు, గుంజుకున్న తుపాకులు పట్టుకున్న కొండవాళ్ళ మీదకు దేశం ఆ చివరి నుంచి సైనికులను తెచ్చారంటే అవతలివాళ్ళు దీన్ని ఏమనుకున్నారో తెలుస్తూనే ఉంది. కాగితాల మీద మాత్రం 'ఫితూరీ' అనీ 'ముఠా' అనీ రాసుకున్నారు.

1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం, లింగాపురం దగ్గర మనవాళ్ళకు గట్టి ఎదురుదెబ్బలు తగిలాయి. అక్కడి నుంచి పోరాటం రూపు మారింది. సర్కారు పల్లెల మీద పడింది. తిండిగింజలు బయటకు పోకుండా కట్టడి చేసింది. ఊళ్ళకు ఊళ్ళే జరిమానాలు కట్టవలసి వచ్చింది. అడవిలో ఉన్నవాడికి ఊరు అన్నం పెట్టకపోతే ఎన్నాళ్ళు ఉంటాడు? పెడితే ఊరి మీదకు పోలీసు వస్తుంది. ఆ రెండింటి మధ్య మన తాతమ్మలు, తాతలు ఏడాదిన్నర పైగా బతికారు. ఈ భాగాన్ని ఏ సినిమా చూపించదు. ఎందుకంటే ఇందులో తుపాకీ పేలదు, పొయ్యి వెలగకపోవడం ఒక్కటే ఉంటుంది.

ఇలాంటి రోజుల్లోనే, 1923 సెప్టెంబరులో, నడింపాలెంలో మల్లుదొర పట్టుబడ్డారు.

తర్వాత ఎనిమిది నెలలకే సీతారామరాజు గారు మంప దగ్గర చిక్కారు. 1924 మే 7న కొయ్యూరులో ఆయనను చెట్టుకు కట్టి కాల్చి చంపారు. విచారణ లేదు, కోర్టు లేదు. జూన్‌లో గంటందొర పోరాడుతూ నేలకొరిగారు. అగ్గిరాజుగా పేరుపడ్డ వేగిరాజు సత్యనారాయణరాజు పట్టుబడి అండమాన్ వెళ్ళారు, అక్కడే కన్నుమూశారు. అన్న పోయాడు, నాయకుడు పోయాడు, తోటివాడు పోయాడు. ఈ వార్తలన్నీ మల్లుదొరకు గోడల మధ్య ఉండగానే చేరి ఉండాలి.

కోర్టు ఆయనకు మొదట మరణశిక్ష వేసింది. తర్వాత దాన్ని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చారు. ఉరితాడు తప్పింది, సముద్రం వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగి అండమాన్ సంగతి చెప్పుకోవాలి. పోర్ట్ బ్లెయిర్ మన తీరం నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. ఇప్పుడు విశాఖపట్నం నుంచి ఓడ ఉంది, చెన్నై నుంచి విమానం ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, బజారులో తెలుగు వినిపిస్తుంది. ఆనాడు మాత్రం కాలాపానీ అంటే తిరిగిరాని చోటు అని అర్థం. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఇటుకలు బర్మా నుంచి వచ్చాయి, కట్టిన చేతులు ఖైదీలవి. నడుమ ఒక బురుజు, దాని నుంచి సైకిలు చక్రం పుల్లల్లాగా ఏడు వరసలు, ఒక్కోటి మూడంతస్తులు. మొత్తం 698 గదులు. ఒక గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడు అడుగులు. వెనక గోడకు అందనంత ఎత్తులో ఒక చిన్న గవాక్షం. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుకు ఎదురుగా ఉండేలా కట్టారు, కాబట్టి ఖైదీకి ఖైదీ ముఖం కనబడదు. తలుపు గడియ కూడా లోపలివాడి చెయ్యి అందకుండా పక్క గోడలోకి దూరంగా పెట్టారు. కొబ్బరి పీచు కొట్టడం, ఎద్దులా గానుగ తిప్పడం అక్కడి పనులు. లెక్క తగ్గితే దెబ్బలు, సంకెళ్ళు.

ఊళ్ళో ఇంటికి తలుపు వేసుకునే అలవాటు కూడా అంతగా లేని మనిషిని అలాంటి గదిలో పెడితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. మా మాటలు దానికి చాలవు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మల్లుదొర పట్టుబడేనాటికి అండమాన్ పంపే పద్ధతిని ఆపేస్తామని ప్రభుత్వమే ఒప్పుకుని ఉంది. 1919-20లో జైళ్ళ మీద వేసిన కమిటీ ఆ శిక్ష మంచిది కాదని చెప్పింది. 1921లో ప్రభుత్వం కూడా అవునంది. బెంగాల్, మహారాష్ట్ర, పంజాబు నుంచి వచ్చిన పేరున్న రాజకీయ ఖైదీలను వెనక్కి తెచ్చేశారు కూడా. సరిగ్గా అదే సమయంలో మలబారు తిరుగుబాటులో పట్టుబడ్డ మాప్పిళ్ళలను ఓడలకెత్తి పంపారు. వాళ్ళ వెనకే మన్యం వాళ్ళు వెళ్ళారు. చదువుకున్నవాడి కోసం పత్రికలు రాశాయి, సభల్లో ప్రశ్నలు పడ్డాయి. రైతు కోసం, కొండవాడి కోసం అడిగే గొంతు తక్కువ. జైలు నుంచి వచ్చి స్వీయచరిత్రలు రాసినవారి పేర్లు పాఠాల్లోకి ఎక్కాయి. మల్లుదొర గారి పేరు ఎక్కకపోవడానికి ఇదీ ఒక కారణమని మా అభిప్రాయం.

ఇంకో మాట కూడా ఆదివాసీ పిల్లలుగా మీరు తెలుసుకోవాలి. ఆ జైలు ఖాళీ నేల మీద కట్టింది కాదు. 1858లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఖైదీల వలస పెట్టినప్పుడు ఆ అడవి గ్రేట్ అండమానీలు, జరవాలు, ఓంగీలు వంటి ఆదివాసులది. 1859లో అబర్డీన్ దగ్గర గ్రేట్ అండమానీలు విల్లంబులతో ఆ వలస మీద తిరగబడ్డారు, తుపాకుల ముందు ఓడారు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చిన తట్టు, ఇతర రోగాలు వాళ్ళను తుడిచిపెట్టాయి. వేలల్లో ఉన్నవాళ్ళు 1901 జనాభా లెక్కల్లో 625 మంది, 1931 నాటికి 90 మంది మిగిలారు. తన అడవి కోసం పోరాడి పట్టుబడ్డ ఒక ఆదివాసిని, ఇంకొక ఆదివాసి జాతి అడవి నరికి కట్టిన జైలులో పెట్టారన్నమాట.

మల్లుదొర శిక్ష ముగించుకుని మన్యానికి వచ్చారు. చాలామంది రాలేదు, ఆయన వచ్చారు. వచ్చేసరికి ఫితూరీ ఒక పాత కథ అయిపోయింది. అడవి గీతలు గీసిన చోటే ఉన్నాయి. బాస్టియన్ వేయించిన రోడ్డు మీద బళ్ళు తిరుగుతున్నాయి.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. 1950 జనవరి 26 నుంచి రాజ్యాంగం అమలయింది. చదువుతో, ఆస్తితో పని లేకుండా 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. ఆ మొదటి ఎన్నికల్లో కొన్ని చోట్ల ఒకే నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులను ఎన్నుకునే పద్ధతి ఉండేది. అందులో ఒక స్థానం దళితులకో గిరిజనులకో కేటాయించేవారు. విశాఖపట్నం అలాంటి జంట నియోజకవర్గం, రెండో స్థానం గిరిజనులది. ఓటరుకు రెండు ఓట్లు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రానివాళ్ళు కూడా గుర్తు చూసి కాగితం ఆ పెట్టెలో వేసేవారు. విశాఖ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. దేశమంతటా కాంగ్రెస్ గాలి వీస్తున్న ఎన్నికలవి. ఆ గాలిలో ఏ పార్టీ అండా లేకుండా మల్లుదొర గెలిచారు. గుర్తుంచుకోండి, ఓటేసింది మన్యం ఒక్కటే కాదు. జంట నియోజకవర్గంలో పట్నంవాళ్ళు, మైదానంవాళ్ళు కూడా ఆయన పెట్టెలో కాగితం వేయాలి. వేశారు.

1952 మే 13న మొదటి లోక్‌సభ సమావేశమైంది. రాజద్రోహి అని ఏ ప్రభుత్వ భవనాల నుంచి ఉత్తర్వులు వెళ్ళాయో ఆ ప్రభుత్వం కట్టించుకున్న ఢిల్లీ గుండ్రటి భవనంలోనే మల్లుదొర సభ్యుడిగా కూర్చున్నారు. రాంచీ వైపు నుంచి జార్ఖండ్ పార్టీ తరఫున గెలిచిన జైపాల్ సింగ్ ముండా కూడా అదే సభలో ఉన్నారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు, 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్. మల్లుదొర చదివింది అడవి, తర్వాత జైలు. ఇద్దరూ ఆదివాసులే, ఇద్దరికీ ఒక్కో ఓటే. ఆ సభ కాలంలోనే 1952 ఆగస్టులో నేరస్థ జాతుల చట్టం రద్దయింది. పుట్టుకతోనే కొన్ని జాతులను నేరస్థులుగా లెక్కగట్టిన చట్టం అది. ఆ సభే 1953లో ఆంధ్ర రాష్ట్ర చట్టాన్ని, 1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టాన్ని చేసింది. అంటే తెలుగువాళ్ళకు రాష్ట్రం ఇచ్చిన సభలో మన్యం తరఫున కూర్చున్న మనిషి, మన్యం కోసం అండమాన్ చూసి వచ్చిన మనిషే.

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన మాట. మనలో మనమే మాట్లాడుకునేటప్పుడు చనిపోయినవారిని ఒకలా, బతికి వచ్చినవారిని ఇంకొకలా చూస్తాం. గంటందొర నేలకొరిగాడు కాబట్టి వీరుడు, మల్లుదొర దొరికిపోయాడు కదా అనే మాట కొందరి నోట వస్తుంది. మేము దీన్ని ఒప్పుకోం. దొరికిపోవడం యుద్ధంలో ఎవరికైనా జరుగుతుంది. సీతారామరాజు గారినీ పట్టుకున్నారు కదా. పట్టుబడ్డాక ఏళ్ళ తరబడి ప్రతి పొద్దూ లేచి గానుగ దగ్గరకు నడిచి, మనసు చెడకుండా ఇంటికి వచ్చి, మళ్ళీ పదిమంది ముందు నిలబడి నన్ను ఎన్నుకోండి అని అడగడం ఏ ధైర్యం కంటే తక్కువ? జైలు మనిషిని చంపకుండానే చంపుతుంది. ఆ చావు ఆయన చావలేదు. పైగా, ఆయన తిరిగి వచ్చారు కాబట్టే మన్యం పోరాటం ఒక సమాధి దగ్గర ఆగిపోకుండా ఓటు పెట్టె దాకా వచ్చింది.

పేరు సంగతి కూడా చెప్పాలి. గాం అని కొందరు, గాము అని కొందరు, గామ్ అని కొందరు. మల్లుదొర, మల్లు దొర. పోలీసు కాగితాల్లో ఒక రకం, లోక్‌సభ జాబితాలో ఇంకో రకం. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక రకంగా దొరక్కపోతే ఇంకో రకంగా వెతకండి. 'దొర' అన్న మాట చూసి జమీందారు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, మైదానంలో ఆ మాటకు ఉన్న అర్థం అది. మన దగ్గర అది గౌరవంగా పేరు చివర వచ్చే మాట. పోడు కొట్టుకునే మనిషి కూడా దొరే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే ఏడు జూలై 4న భీమవరంలో సీతారామరాజు గారి 125వ జయంతి సభలో ప్రధాని 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు, సీతారామరాజు గారి కుటుంబ సభ్యులతోపాటు మల్లుదొర గారి కుటుంబాన్నీ సత్కరించారు. సంతోషమే. మల్లుదొర గారిని ఎన్నుకున్న ఆ జంట నియోజకవర్గం ఇప్పుడు లేదు, ఆ పద్ధతే 1961లో పోయింది. కొయ్యూరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాలు ఇవాళ పాడేరు అసెంబ్లీ కింద, అరకు లోక్‌సభ కింద ఉన్నాయి. అరకు గిరిజనులకు కేటాయించిన స్థానం. మీలో చాలామంది మొదటి ఓటు అక్కడే వేశారు, లేదా వేయబోతున్నారు.

ఇక మీతో పని. మల్లుదొర గారి వెంట నడిచినవాళ్ళు, ఆయనకు అడవిలో అంబలి పోసినవాళ్ళు, ఆయన కోసం జరిమానా కట్టినవాళ్ళు, ఓటు వేసినవాళ్ళు మన ఊళ్ళవాళ్ళే. వాళ్ళ మనవళ్ళు, మనవరాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. ఈసారి పండగకు ఇంటికి వెళ్ళినప్పుడు అడగండి. మన ఊరి నుంచి జైలుకు ఎవరు వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు, పోలీసు ఏ ఇంట్లో దిగింది, ఫితూరీ రోజుల్లో ఏం తిన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే, మన భాషలో చెబితే మన భాషలోనే, ఫోనులో రికార్డు చేయండి. ఊరి పేరు, చెప్పినవారి పేరు, వయసు, తేదీ జతచేసి సంఘానికి పంపండి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంటుంది.